పచ్చికబయలు మాస్టారికి

మనిషిని ముక్కలు చేయని చదువుకు నమస్కారం. దేహాన్ని గుమ్మం బయట విడిచి రమ్మనని చదువుకు, రేఖాగణితం చెప్పిన నోటితోనే వెళ్ళి ఆడుకోండ్రా అని తరిమిన చదువుకు, నాలుక మీద హోమర్‌నూ కాళ్ళలో పరుగునూ ఒకే పూట నింపిన చదువుకు నమస్కారం. ఆ చదువుకు ఒక ఊరుంది, ఒక ఇల్లుంది, ఒక మాస్టారున్నారు. ఊరు ఉత్తర ఇటలీలోని మాంటువా. మించో నది అక్కడికి వచ్చేసరికి వెడల్పయి, సరస్సులై, ఊరిని చుట్టుకుంటుంది. ఇల్లు ఆ నీటికి దగ్గర్లో, పచ్చికబయళ్ళ నడుమ ఉండేది. దాని పేరు కాసా జొకోజా, ఆనందాల ఇల్లు. సంవత్సరం 1423. మాస్టారు ఫెల్త్రే అనే చిన్న ఊరి నుంచి వచ్చిన విత్తొరీనో.

విత్తొరీనో మాస్టారూ! పునరుజ్జీవన కాలం అనగానే లోకం లియొనార్దోను తలుచుకుంటుంది, మైఖెలాంజెలోను తలుచుకుంటుంది. నేను మిమ్మల్ని తలుచుకుంటాను. మీరు గోపురం కట్టలేదు. గోడ మీద దేవతల్ని దింపలేదు. శతాబ్దాలు చెప్పుకునే గ్రంథమూ రాయలేదు. మీ చేతిరాతలో కొద్దిపాటి ఉత్తరాలు మాత్రం మిగిలాయి. మీరు తయారుచేసింది మనుషుల్ని. ఆ యుగం సంపూర్ణ మానవుడనే కల కన్నది నిజమే. ఆ కలను తెల్లవారుజామున లేపి, మొహం కడిగి, బట్టలు తొడిగి, పలక చేతికిచ్చి కూర్చోబెట్టింది మీరు.

కల ఎప్పుడు మొదలైందో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. 1397లో మాన్యుయేల్ క్రిసొలోరాస్ అనే పండితుడు కాన్‌స్టాంటినోపుల్ నుంచి ఫ్లోరెన్స్‌కు వచ్చి గ్రీకు చెప్పడం మొదలుపెట్టాడు. పశ్చిమ ఐరోపా వందల ఏళ్ళుగా దాదాపు మరిచిపోయిన భాష అది. ఆ తర్వాత అయిదారేళ్ళకు వెర్జేరియో అనే ఆయన పాడువా ప్రభువు కొడుకు కోసం చిన్న పుస్తకం రాశాడు. స్వేచ్ఛగల మనిషికి తగిన చదువేదో అందులో చెప్పాడు: చరిత్ర, నీతిశాస్త్రం, మాటనేర్పు, వాటి పక్కనే ఆయుధవిద్య, ఈత, స్వారీ. 1416లో పొజ్జో బ్రాచొలీనీ అనే పండితుడు స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాలెన్ మఠంలో, ఒక బురుజు అడుగున, దుమ్ముకొట్టుకుపోయిన క్వింటిలియన్ గ్రంథాన్ని సంపూర్ణంగా కనుగొన్నాడు. పదమూడు వందల ఏళ్ళ కింద రోమ్‌లో బడిపంతులుగా బతికిన మనిషి, పిల్లల్ని కొట్టకండి, వాళ్ళ స్వభావం కనిపెట్టండి, అక్షరాలను ఆటబొమ్మలుగా చేసి చేతికివ్వండి అని చీకట్లోంచి మళ్ళీ చెప్పాడు. ఆ గొంతు విన్నవాళ్ళు చాలామంది. ప్రతులు రాసుకున్నారు, వ్యాఖ్యానాలు చేశారు, పరస్పరం మెచ్చుకుంటూ లేఖలు పంపుకున్నారు. విన్నమాటను పిల్లల మీద ప్రేమగా మార్చినవాళ్ళు కొద్దిమందే. వాళ్ళలో మీరు మొదటి వరసలో ఉన్నారు.

మీ చదువు ఎవరూ పళ్ళెంలో పెట్టి ఇచ్చింది కాదు. 1378 ప్రాంతంలో పేదింట పుట్టి, పాడువా చేరి, చిన్నపిల్లలకు వ్యాకరణం చెప్పి పొట్టపోసుకుంటూ చదివారు. గణితం మీద మనసుపడ్డారు. ఆ విద్యలో అప్పట్లో పేరున్న పండితుడు పార్మాకు చెందిన బ్యాజో పెలకానీ. ఆయన అడిగిన రుసుము మీ దగ్గర లేదు. అందుకని ఆయనింట పనివాడిగా చేరారని, అయినా ఆయన మనసు కరగలేదని, చివరికి యూక్లిడ్‌ను ఒంటరిగా, గురువు లేకుండా సాధించారని మీ జీవితకథ రాసినవాళ్ళు చెప్పారు. గిన్నెలు కడిగిన చేతులతో త్రిభుజాలు గీసుకున్న ఆ యువకుణ్ణి నేను మరవలేను. విద్యకు వెల కట్టిన గుమ్మం ముందు నిలబడి అవమానపడినవాడు రెండు దారుల్లో ఒకటి పడతాడు. తానూ వెల కడతాడు, లేదా తన గుమ్మానికి తలుపే పెట్టడు. మీరు తలుపు పెట్టలేదు. పాడువాలో సొంతంగా విద్యార్థుల్ని ఇంట ఉంచుకున్న రోజుల్లోనే, కలిగినవాళ్ళ దగ్గర తీసుకుని లేనివాళ్ళను పోషించారు. వెనిస్‌లో గ్వారీనో అనే పండితుడి దగ్గర గ్రీకు నేర్చుకునేనాటికి మీ వయసు నలభైకి దగ్గర. అప్పటికే పేరున్న పంతులై ఉండీ మళ్ళీ పసివాడిలా అక్షరమాల దగ్గర కూర్చున్నారు. నేర్చుకోవడానికి సిగ్గుపడని మనిషే నేర్పడానికి తగినవాడని ఈ ఒక్క సంగతి చాలు నాకు.

మాంటువా ప్రభువు జాన్‌ఫ్రాంచెస్కో గొంజాగా కబురు పంపాడు. కత్తి పట్టి బతికే వంశం, కిరాయికి సేనలు నడిపే వంశం. తన పిల్లలకు చదువు కావాలి, తన కొలువుకు ఆ చదువు తెచ్చే పేరూ కావాలి. మీరు వెంటనే సరేననలేదు. నా మర్యాదకూ మీ మర్యాదకూ తగనిదేదీ అడగనంత కాలమే ఇక్కడ ఉంటానని షరతు పెట్టి వచ్చారు. ప్రభువు ముందు ఒక పంతులు అలా మాట్లాడాడన్నది, అతన్ని ఆ ప్రభువు ఉంచుకున్నాడన్నది, రెండూ ఆ కాలానికి కీర్తి తెచ్చిన విషయాలే.

వచ్చాక మొదట చేసిన పని ఇల్లు తేలిక చేయడం. విందుల కోసం, విలాసం కోసం అలంకరించిన భవనం అది. వెండి బంగారు సామాను తీసేయించారు. పనీపాటా లేకుండా ప్రభువు బిడ్డల చుట్టూ మూగి పొగిడే కుర్రాళ్ళను పంపేశారు. గోడల మీద ఆడుకుంటున్న పిల్లల బొమ్మలు వేయించారు. గదుల్లోకి గాలీ వెలుతురూ రానిచ్చారు. తిండి సాదా, దుస్తులు సాదా. చలికి మంట దగ్గర ముడుచుకుని కూర్చోవడం కన్నా బయట పరుగెత్తి వెచ్చబడటం మేలన్నారు. ఆ తర్వాత గేటు తెరిచారు. ప్రభువు బిడ్డలతో పాటు మంత్రుల బిడ్డలు, దూరదేశాల బిడ్డలు, వాళ్ళ పక్కనే ఒక్క నాణెం ఇచ్చుకోలేని ఇళ్ళ బిడ్డలు. దేవుడి పేరిట మీరు చేరదీసిన ఆ పేదపిల్లలకు చదువుతో పాటు తిండి, బట్ట, పుస్తకాలు ఇచ్చారు. అందరికీ ఒకే పాఠం, ఒకే బల్ల. ఖర్చు మీ జీతం దాటిపోతే ప్రభువును అడిగారు, ప్రభువు ఇవ్వలేని చోట మీరే అప్పుపడ్డారు.

ఇక ఆ ఇంటి రోజును పాడనివ్వండి.

చిన్నవాళ్ళకు అక్షరాలు ఆటలోనే వచ్చేవి. పెద్దవాళ్ళు వర్జిల్‌ను, సిసిరోను, హోమర్‌ను, డెమొస్తనీస్‌ను గొంతెత్తి చదివేవాళ్ళు. అర్థం తెలియని గొంతు ఎక్కడ తడబడుతుందో మీ చెవికి తెలుసు, అందుకే గట్టిగా చదవమనేవారు. వర్జిల్ పుట్టిన నేల ఆ ఊరి పొలిమేరలోనే ఉందని అక్కడివాళ్ళు నమ్ముతారు; ఆయన పద్యాల్లోని పశువులూ తేనెటీగలూ కిటికీ తెరిస్తే కనిపించే ఊళ్ళో ఆ పద్యాలు చదవడం ఎంత భాగ్యం! లాటిన్ తర్వాత గ్రీకు, గ్రీకు తర్వాత అంకెలు. యూక్లిడ్, నక్షత్రాల లెక్క, సంగీతం, బొమ్మలు గీయడం. ఒక విద్యతో అలసిన మనసుకు ఇంకో విద్యే విశ్రాంతి. అది కూడా చాలకపోతే బయట పచ్చిక ఉంది. పరుగు, కుస్తీ, బంతాట, విలువిద్య, కత్తిసాము, గుర్రపు స్వారీ, సరస్సులో ఈత. ఎండాకాలం ముదిరితే పిల్లల్ని వెంటబెట్టుకుని గార్దా సరస్సు వైపు, ఆల్ప్స్ కొండల అంచుల దాకా నడిపించుకుపోయేవారు.

ప్రభువు బిడ్డలిద్దరు ఒకనాడు మూల నిలబడి గుసగుసలాడుతుంటే మీరు దగ్గరికి వెళ్ళారట. పాఠాల గురించి మాట్లాడుకుంటున్నారు. ఏ పంతులైనా పొంగిపోయే దృశ్యం. మీరు మాత్రం పసివయసులో ఇది మంచి లక్షణం కాదని దిగులుపడి, ఇద్దర్నీ ఆటలోకి తరిమారట. ఈ కథ చదివిన ప్రతిసారీ నాకు మీ కాళ్ళకు మొక్కాలనిపిస్తుంది. చదువును అంత ప్రేమించిన మనిషి, చదువు బాల్యాన్ని మింగేస్తుందేమోనని అంత భయపడ్డాడు.

ప్రభువు పెద్దకొడుకు లుదొవీకో లావు. తిండి చూస్తే ఆగలేడు. తమ్ముడు కార్లో పొడుగు, బక్కపలుచన, ఎదిగే వయసు, ఎప్పుడూ ఆకలే. ఇద్దరికీ ఒకే నియమం పెట్టి ఉంటే నిర్వాహకుడు అనిపించుకునేవారు. మీరు లుదొవీకో భోజనం దగ్గర పాటా చదువూ ఏర్పాటు చేసి, అతని ధ్యాసను కంచం మీద నుంచి మెల్లగా మళ్ళించారు. కార్లోకు ఎప్పుడు ఆకలైతే అప్పుడు రొట్టె తినే అనుమతి ఇచ్చారు. ఒకరికి తగ్గించడం, ఇంకొకరికి పెంచడం, ఇద్దరి మనసూ నొప్పించకపోవడం. నిండైన మనిషిని తీర్చడమంటే అందరినీ ఒకే కొలతకు కోయడం అనుకునేవాళ్ళకు ఈ రెండు కంచాలూ జవాబు. ప్రకృతి ప్రతి బిడ్డకూ ఏదో ఒక వాలు ఇచ్చింది, దాన్ని కనిపెట్టడమే మాస్టారి పని అని మీరు నమ్మారు.

ఇంకో దృశ్యం. చలికాలపు తెల్లవారుజాము. వయసు మళ్ళిన మీరు ఒక చేత్తో కొవ్వొత్తి, ఇంకో చేత్తో పుస్తకం పట్టుకుని ఒక కుర్రవాడి పడక దగ్గరికి వచ్చారు. వాడిలో ఏదో ఉందని మీకు నమ్మకం. లేపి, వాడు బట్టలు వేసుకునేదాకా ఓపిగ్గా నిలబడి, పుస్తకం చేతికిచ్చి నాలుగు మంచిమాటలు చెప్పారు. బెత్తం పట్టాల్సిన చెయ్యి కొవ్వొత్తి పట్టింది.

ఆ ఇంట ఒక ఆడపిల్ల ఉంది. చెచీలియా గొంజాగా, 1426లో పుట్టింది. అన్నదమ్ములతో సమానంగా కూర్చుని అదే గ్రీకు, అదే లాటిన్ చదివింది. ఆ రోజుల్లో గ్రీకులో దిట్ట అయిన సన్యాసి ఆంబ్రోజో త్రావెర్సారి మాంటువాకు వచ్చి మీ బడి చూశాడు. చెచీలియా అన్న జాన్‌లుచీదో, సిగిస్మండ్ చక్రవర్తి మాంటువా రాక గురించి తాను లాటిన్‌లో అల్లిన 200 చరణాలు వినిపించాడు. ఆ ముచ్చట తీరకముందే, పదేళ్ళు కూడా నిండని చెచీలియా రాసిన గ్రీకు చూసి త్రావెర్సారి సిగ్గుపడ్డాడు. తన శిష్యుల్లో ఇంత చక్కగా రాయగలవాళ్ళు దాదాపు లేరని నిజాయితీగా ఒప్పుకున్నాడు.

ఇక్కడ ఆగి ఒక బరువైన మాట చెప్పాలి. నిండైన మనిషి అన్నప్పుడు ఆ యుగం ఎక్కువగా మగవాణ్ణే తలుచుకుంది. గొప్ప పండితుడు లియొనార్దో బ్రూనీ 1420లలో బత్తీస్తా అనే విదుషికి చదువు గురించి లేఖ రాశాడు. చరిత్ర చదవమన్నాడు, కవిత్వం చదవమన్నాడు, ధర్మశాస్త్రం చదవమన్నాడు. సభలో నిలబడి వాదించే విద్య మాత్రం స్త్రీకి తగదన్నాడు. ఆ బత్తీస్తాయే 1433లో అదే సిగిస్మండ్ చక్రవర్తి ఎదుట నిలబడి లాటిన్‌లో ప్రసంగించింది. ఆమెకూ నమస్కారం. విద్య ఒకసారి లోపలికి వెళ్ళాక, ఏ భాగం వాడుకోవాలో ఏది మూసి ఉంచాలో బయటివాళ్ళు నిర్ణయించలేరు.

చెచీలియాకు ఉర్బీనో యువరాజు ఒద్దాంతోనియోతో పెళ్ళి నిశ్చయించారు. ఆమె వద్దంది. మఠంలో చేరి చదువుతో, ప్రార్థనతో బతుకుతానంది. తండ్రి మండిపడ్డాడు. మాస్టారూ, అన్నం పెట్టే ప్రభువు ఒకవైపు, ఎదురుతిరిగిన పిల్ల ఒకవైపు నిలిచినప్పుడు మీరు పిల్ల పక్కన నిలబడ్డారు. ఒద్దాంతోనియో 1444లో సొంత ఊళ్ళోనే హత్యకు గురయ్యాడు. అదే ఏడు చెచీలియా తండ్రీ పోయాడు; మరుసటి ఏడు ఆమె మఠంలో చేరింది. పాతికేళ్ళకే, 1451లో, కన్నుమూసింది. ఆ గ్రీకుతో ఆమె ఇంకేం రాసి ఉండేదోనన్న బాధ నాకుంది. చదువుకున్న ఆడదానికి పెళ్ళి, మఠం తప్ప మూడో గుమ్మం చూపించలేని కాలం అది. అయినా ఆ రెండింటిలో ఏది కావాలో తన నోటితో తాను చెప్పగలిగింది. పిసనెల్లో అనే కళాకారుడు 1447లో ఆమె బొమ్మతో పతకం పోతపోశాడు. ఒకవైపు ఆమె ముఖం, రెండోవైపు వెన్నెల్లో కన్య, పక్కన లొంగి పడుకున్న ఒంటికొమ్ము మృగం.

మీ బడి నుంచి వచ్చినవాళ్ళందరూ పుణ్యాత్ములని పాడితే ఈ స్తుతి అబద్ధమవుతుంది. ఒద్దాంతోనియో సవతి అన్న ఫెదెరీకో ద మాంతెఫెల్త్రో పన్నెండేళ్ళ వయసులో మీ దగ్గరికి వచ్చి రెండేళ్ళ పాటు చదివాడు. ఆ తర్వాత యుద్ధమే వృత్తిగా పెట్టుకున్నాడు. పోటీలో కుడికన్ను పోగొట్టుకున్నాడు. ఉర్బీనోను పాలించాడు, ఇటలీలోకెల్లా గొప్ప గ్రంథాలయాల్లో ఒకదాన్ని నిర్మించాడు, కత్తి పట్టే చేత్తోనే పుస్తకం పట్టాడు. ఆ ఫెదెరీకో సేనాపతిగా ఉండగానే 1472లో ఫ్లోరెన్స్ సైన్యం వొల్తెర్రా నగరాన్ని దోచుకుంది. ఆ దోపిడీలోంచి ఒక హీబ్రూ బైబిల్ ప్రతి ఆయన గ్రంథాలయానికి చేరింది. పుస్తకాన్ని ప్రేమించడం నేర్పగలిగారు మాస్టారూ, ఆ పుస్తకం ఎవరి ఇంటి నుంచి వచ్చిందో ప్రతిసారీ అడిగించలేకపోయారు. ఏ చదువూ మనిషి బదులు తాను మంచిగా బతికిపెట్టదు. ఇది తెలిసి కూడా ఆ చదువుకే దండం పెడుతున్నాను, ఎందుకంటే అది లేని చోట అడగాలన్న ఊహ కూడా పుట్టదు.

లుదొవీకో సంగతి వేరు. కంచం దగ్గర పాట విన్న ఆ లావు కుర్రవాడు 1444లో మాంటువా ప్రభువయ్యాడు. 1460లో చిత్రకారుడు మాంతెన్యాను పిలిపించుకున్నాడు. కట్టడాల కోసం ఆల్బెర్తిని పిలిచాడు. లియోన్ బత్తీస్తా ఆల్బెర్తి అంటే ఆ యుగం తన సంపూర్ణ మానవుడిగా చూపించుకున్న మనిషి. చిత్రకళకు శాస్త్రం రాశాడు, కుటుంబం గురించి రాశాడు, సంగీతం నేర్చాడు, రహస్యలిపి కనిపెట్టాడు. రెండు పాదాలూ జోడించి, నిలబడ్డ మనిషి మీదుగా దూకేవాడనీ, చర్చి లోపల నాణెం విసిరితే పైకప్పుకు తగిలి ఖంగున మోగేదనీ తన జీవితకథలో రాసుకున్నాడు. ఎంత ముచ్చటైన గొప్ప! ఆ దూకుడుకు నేనూ చప్పట్లు కొడతాను. అయినా ఆల్బెర్తి ఒంటరి శిఖరం. శిఖరాన్ని చూసి మనిషి ఇంత ఎత్తు ఎదగగలడని అబ్బురపడతాం. మీ పచ్చికను చూసినప్పుడు, ఏ ఇంటి పిల్లవాడైనా ఎదగగలడన్న ధైర్యం వస్తుంది. మాంటువాలో సంత్ ఆంద్రేయా చర్చికి రూపకల్పన చేసింది ఆల్బెర్తి, కట్టించమన్నది లుదొవీకో. ఆ విశాలమైన వంపు కింద నిలబడ్డవాళ్ళు ఆల్బెర్తి పేరు చెప్పుకుంటారు. అంత పెద్ద ఊహను చూపిస్తే గుర్తుపట్టగల కన్ను ఆ ప్రభువుకు ఎక్కడ అబ్బిందో నేను చెప్పుకుంటాను.

1446 ఫిబ్రవరి 2న మీరు వెళ్ళిపోయారు. పెళ్ళి లేదు, బిడ్డలు లేరు, ఆస్తి లేదు. ఇరవై రెండేళ్ళకు పైగా ప్రభువు ఇంట కొలువు చేసిన మనిషి దగ్గర మిగిలిన సొమ్మేమీ లేదు. అది ఎప్పటికప్పుడు పిల్లల పొట్టల్లోకి, పుస్తకాల్లోకి పోయింది. పిసనెల్లో మీకూ పతకం చేశాడు. ఒకవైపు ఎత్తయిన టోపీ, ఎండిపోయిన బుగ్గలు. రెండోవైపు తన రొమ్ము చీల్చుకుని పిల్లలకు రక్తం పడుతున్న పెలికాన్ పక్షి. చుట్టూ చెక్కిన మాటల్లో మిమ్మల్ని గణితవేత్త అన్నారు. రుసుము కట్టలేక పరాయి ఇంట పాత్రలు తోమిన కుర్రవాడికి, సమస్త మానవీయ విద్యలకూ తండ్రి అనే బిరుదు పక్కనే, గణితవేత్త అనే మాట కంచులో దక్కింది. ఫెదెరీకో ఉర్బీనోలో తన చదువుగది గోడల మీద 28 మంది మహనీయుల చిత్రాలు పెట్టించుకున్నప్పుడు ప్లేటో, అరిస్టాటిల్, హోమర్, వర్జిల్‌ల మధ్య మిమ్మల్నీ కూర్చోబెట్టాడు.

రాజులు చెల్లించిన రుణం అది. మీరు ఉచితంగా చదివించిన పిల్లల్లో విజేవానో ఊరి జొవాన్నీ ఆంద్రేయా బుస్సీ ఒకడు. పేదరికంలో పెరిగి పండితుడయ్యాడు, బిషప్ అయ్యాడు. జర్మనీ నుంచి స్వైన్‌హైమ్, పన్నార్ట్స్ అనే ఇద్దరు అచ్చుపనివాళ్ళు రోమ్‌కు వచ్చి ముద్రణాలయం పెడితే, వాళ్ళ పుస్తకాలకు ప్రతులు సరిచూసి సంపాదకుడిగా నిలబడింది ఆయనే. సిసిరో, వర్జిల్, లివీ ఒక్కొక్కరే మఠాల బురుజుల్లోంచి, ప్రభువుల పెట్టెల్లోంచి బయటపడి అచ్చులోకి వచ్చారు. 1469 ప్రాంతంలో లివీ చరిత్ర వేసినప్పుడు ముందుమాటలో బుస్సీ మిమ్మల్ని తలుచుకుని, మీ మంచితనాన్నీ మీ పాండిత్యాన్నీ లోకానికి చెప్పాడు. మీరు పోయి అప్పటికి ఇరవై ఏళ్ళు దాటింది. ఆ ముద్రణాలయం మామూలుగా ఒక్కో పుస్తకాన్ని 275 ప్రతులు వేసేది. తన పేరుతో చెప్పుకోదగ్గ గ్రంథమేదీ వదలని మాస్టారి పేరు, ఆయన అన్నం పెట్టి చదివించిన కుర్రవాడి చేతి మీదుగా, అన్ని ప్రతుల్లో అచ్చయి రోమ్ దాటి వెళ్ళింది.